జుట్టు నల్లగా ఉన్నన్నాళ్ళు అక్క

మా ప్యాకింగ్ లైన్లో ఆడవాళ్ళు రెండు రకాలు. అక్కలు, అమ్మలు. అక్కలు మిషన్ దగ్గర వరసగా నిలబడి, కదిలే రేకులో మాత్రలు సరిగ్గా పడ్డాయో లేదో చూస్తారు. ఎక్కడైనా గుంత ఖాళీగా పోతుంటే అందులో మాత్ర వేస్తారు. అమ్మలు నేల తుడుస్తారు, డబ్బాలు కడుగుతారు, చెత్త సంచులు మోస్తారు. ఇది ఏ బోర్డు మీదా రాసి లేదు. ఏ సారూ నోటితో చెప్పలేదు. కానీ బొల్లారంలో మా మందుల కంపెనీ గేటు దాటిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఒకామెను అక్కా అని పిలవడం మానేసి అమ్మ అన్నారంటే, ఆమె చేతికి మాపు కర్ర రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

రామ్మా, పోమ్మా అని మాట చివర తగిలించే అమ్మ వేరు. అది బడికి పోయే పిల్లకైనా చెల్లుతుంది. నేను చెప్పేది పేరుకు బదులుగా వాడే అమ్మ గురించి. "గా అమ్మను పిలువున్రి" అంటారే, ఆ అమ్మ. దానికి వయసుతో పని లేదు, తెల్ల జుట్టు చాలు. మా లైన్లో నాకంటే చిన్నదే ఒకామె ఉండేది. ఇంట్లో చావు జరిగి కొన్నాళ్ళు నెత్తికి రంగు వేసుకోలేదు. తిరిగి వచ్చేసరికి అమ్మ అయిపోయింది. తర్వాత ఎంత నల్లరంగు పూసుకున్నా లాభం లేకపోయింది. పిలుపు ఒకసారి మారితే మళ్ళీ వెనక్కి రాదు.

నాకు లైన్ పోకూడదు. మా ఆయన ఏళ్ళ తరబడి మందులు ఉడికించే రియాక్టర్ దగ్గర పనిచేసి, దమ్ము పట్టుకుని, ఊపిరాడక ఇంట్లో కూర్చున్నాడు. కూతురు సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. తుడిచే పని జీతంతో ఇంటి కిరాయి కట్టవచ్చు, లేదంటే పిల్లను చదివించవచ్చు. రెండూ జరగవు. కాబట్టి నా జుట్టు నల్లగా ఉండాలి. నాకున్న అందం పిచ్చి అంతే.

రంగు వేసేది మా ఆయనే. నేను పాత నైటీ వేసుకుని, భుజాల చుట్టూ చింపిన బియ్యం సంచి కప్పుకుని, ముందు గదిలో పీట మీద కూర్చునేదాన్ని. ఆయన ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని, స్టీలు గిన్నెలో పొడి కలిపి, అరిగిపోయిన పళ్ళ బ్రష్షుతో పాయ పాయకూ పూసేవాడు. మధ్యమధ్యలో దగ్గేవాడు. "రియాక్టర్ల గూడ గింత వాసన రాలేదే" అనేవాడు. "గింత మందం పెడుతున్న, ఇగ సూడు, నీకు పెండ్లి సంబంధాలొస్తయి" అనేవాడు. బాత్రూం గచ్చు మీద నల్ల మరకలు చూసి ఇంటి ఓనరామె మూతి ముడిచేది. ముడిస్తే ముడిచింది, గచ్చు నల్లబడితే నాకేం, నెత్తి నల్లగా ఉంది కదా అనుకునేదాన్ని.

పెళ్ళినాటికి నా జడ నడుం దాటేది. ఒక పాకెట్ రంగు అంత జుట్టుకు చాలదని మొదట వీపు సగం దాకా కత్తిరించాను. ఆ రాత్రి అన్నం తింటూ ఆయన "ఇంకో పాకెట్ కొందుము గదనే" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జడ పోయినందుకు నేను ఏడవకుండా ఉంటే ఆయన ఏడ్చినట్టు మాట్లాడతాడేమిటని కంచం ముందు నుంచి లేచిపోయాను.

పోయిన ఎండాకాలంలో, రంగు వేసుకున్న మర్నాడు, చెవుల వెనక దురద మొదలైంది. సాయంత్రానికి నుదురు ఉబ్బింది. పొద్దున లేచేసరికి కనురెప్పలు వాచిపోయి తెరుచుకోలేదు, చెవుల మీద నుంచి నీరు కారుతోంది. మా ఆయన చెయ్యి పట్టుకుని పటాన్‌చెరులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు గుంటూరు వైపు మనిషి. సూది వేసి, "ఇక రంగు జోలికి వెళ్ళకమ్మా. ఈసారి గొంతు వాచిందంటే నా దాకా వచ్చే టైమ్ కూడా ఉండదు" అన్నాడు. నేను అడిగిన మొదటి మాట ఇది: "కొద్దిగ ఏసుకుంటే గూడనా సార్?" డాక్టరు మా ఆయన వైపు తిరిగి మందులు చెప్పాడు.

ఆ వేసవిలో నాకు నిజంగానే మతి లేదు. ఇనప కడాయిలో టీ డికాక్షన్ పోసి గోరింటాకు నానబెట్టాను. నల్లవి నల్లగానే ఉన్నాయి, తెల్లవి నిప్పు రంగుకు తిరిగాయి. కంపెనీ బస్సు ఎక్కగానే మా లైన్ ఆడపిల్లలు ఒకటే నవ్వు. "అక్కా, నెత్తికి అగ్గి అంటుకున్నదే, నీళ్ళు పొయ్యాల్నా?" అన్నారు. నవ్వితే నవ్వారు, అక్కా అనే అన్నారు కదా అని కిటికీ వైపు తిరిగి సంబరపడ్డాను. అమీన్‌పూర్‌లో బ్యూటీ పార్లర్ పిల్ల "స్టెప్ కట్ చేస్తే తెల్లవి కనపడవు ఆంటీ" అంటే మెడ దాకా కత్తిరించుకున్నాను. కనపడకపోవడమేమిటి, ఉన్నవన్నీ లేచి నిలబడ్డాయి. పాపిట ఎడమకు మార్చాను, కుడికి మార్చాను, పాపిటే లేకుండా వెనక్కి దువ్వాను. ఎలా దువ్వినా మొదళ్ళలో తెలుపు వేలెడు వెడల్పున కనిపిస్తూనే ఉంది. నిద్ర పట్టేది కాదు. జుట్టు పెరుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తున్నట్టే ఉండేది.

చివరికి ఒక పాకెట్ కొనుక్కొచ్చి మా ఆయన ముందు పెట్టాను. ఒక్కసారి వెయ్యమన్నాను. ఏమైనా అయితే సూది వేయించుకుంటానన్నాను. ఆయన పాకెట్ తీసుకుపోయి మోరీలో పడేసి వచ్చాడు. "నిన్ను నా చేతులతోటి సంపాల్నా?" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన గొంతు అంత లేవడం అదే మొదలు. దగ్గు ఆపుకోలేక గోడ పట్టుకుని కూర్చున్నాడు. నేను వీపు నిమురుతూ కూడా ఆ మోరీ వైపే చూశాను. అంత నీచంగా ఉంది నా స్థితి.

అప్పుడే కాటుక సంగతి తట్టింది.

మాత్రలు తెరిచి ఉండే చోటికి వెళ్ళే ముందు ఆడవాళ్ళు గాజులు, బొట్టు తీసెయ్యాలి, కాటుక కడిగెయ్యాలి. బట్టలు మార్చుకునే గదిలో ఒక నిలువుటద్దం ఉంది. మా బొట్లన్నీ దాని అంచున అతికించి, టోపీ, మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్తాం. షిఫ్టు దిగాక ఎవరి బొట్టు వాళ్ళు తీసి పెట్టుకుంటాం. నాది కొంచెం పెద్దది, మెరూన్ రంగు, అద్దం కుడివైపు కింది మూల దాని చోటు. గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళు మా కళ్ళలో కాటుక ఉందేమో చూస్తారు. పాపిటలో ఉందేమో ఎవరు చూస్తారు? ఇంట్లోనే మొదళ్ళకూ కణతలకూ కాటుక రుద్దుకుని, దువ్వుకుని వెళ్ళాను. బాగానే గడిచింది. మర్నాడూ గడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నేను మర్చిపోయింది నా వయసుకు వచ్చే ఆవిర్లను. ఏసీ ఎంత చల్లగా ఉన్నా ఉన్నట్టుండి కడుపులోంచి వేడి లేచి, నెత్తి నుంచి చెమట ధారగా కారుతుంది. ఆ రోజు మిషన్ దగ్గర అదే జరిగింది. టోపీ కింద నుంచి చెమట కంట్లోకి దిగుతుంటే తొడుగు ఉన్న చేత్తోనే తుడుచుకున్నాను. అదే చేత్తో ఖాళీ గుంతల్లో మాత్రలు వేశాను. కాసేపటికి అవతలి చివర ఎవరో కేక పెట్టారు. తెల్లటి మాత్రల మీద నల్ల చుక్కలు.

లైన్ ఆపేశారు. రేకులన్నీ పనికిరానివి వేసే ఎర్ర డబ్బాలోకి తీసేశారు. సూపర్‌వైజర్ సారు పరుగున వచ్చి మిషన్ రబ్బరు బెల్టు అరిగి నల్లగా రాలుతోందన్నాడు. మిషన్ విప్పేవాళ్ళను పిలిచారు, అందరూ బెల్టు మీద పడ్డారు. మా లైన్ లీడర్ మాత్రం టార్చి పట్టుకుని నా చేతి వైపు చూసింది, తర్వాత టోపీ వైపు చూసింది. ఇంటర్ తప్పి పనిలో చేరినప్పుడు ఆ పిల్లకు ఖాళీ గుంతను కంటితో పట్టడం నేర్పింది నేనే. ఎప్పుడూ చెల్లె అనే పిలిచేదాన్ని. నా మోచేయి పట్టుకుని బట్టల గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, టోపీ తీసింది.

టోపీ రబ్బరు చుట్టూ నల్లగా ఉంది. అద్దంలో నా తల చూశాను. తెలుపు, నిప్పు రంగు, నలుపు, చెంపల మీదికి కారిన కాటుక.

"గిదేందక్కా?" అంది.

"కాటుక."

"నెత్తికా?"

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. దాంతో నా ధైర్యమంతా పోయింది. ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాను. "నన్ను లైన్లకెళ్ళి తీపియ్యకు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత" అన్నాను.

చెల్లె అనలేదు. బిడ్డా అన్నాను. భయంలో నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, గుడ్డ తడిపి, పసిపిల్లకు తుడిచినట్టు నా నుదురూ చెంపలూ తుడిచింది. నల్లబడిన టోపీ, తొడుగులు చెత్తడబ్బాలో వేసి, కొత్త టోపీ కళ్ళ దాకా దించి పెట్టింది. అంతలో సారు తలుపు కొట్టాడు. ఏమైంది లోపల అని అడిగాడు. ఆ పిల్ల తలుపు కొంచెమే తెరిచి, నాకు అడ్డంగా నిలబడి, "ఏం లేదు సార్, గీ అమ్మకు కండ్లు తిరిగినయట. జెర కూసోబెట్టిన" అంది.

నన్ను కాపాడటానికే అబద్ధమాడింది. తన ఉద్యోగం పోతుందని తెలిసి కూడా ఆడింది. నేను బిడ్డా అన్నాను కాబట్టి అమ్మ అంది, ప్రేమతోనే అంది. నాకు ఆ మాట ఒక్కటే వినిపించింది.

"అయ్యో పాపం" అన్నాడు సారు. ఆయనా చెడ్డవాడు కాదు. "ముందే చెప్పొచ్చు కదమ్మా. ఈ వయసులో రోజంతా నిలబడితే ఎలా? ఏదైనా తేలిక పని చూద్దాంలే." ఆటో పిలిపించి నన్ను ఇంటికి పంపారు. మళ్ళీ వారం డ్యూటీ బోర్డులో నా పేరు తుడిచేవాళ్ళ వరసలోకి వచ్చింది. బెల్టు మార్చారు, నల్ల చుక్కలు ఆగాయి, అంతా ఆ బెల్టు వల్లే అనుకున్నారు. ఎవరినైనా తిట్టుకుందామంటే నాకు ఒక్కరూ దొరకలేదు. అందరూ నా మీద జాలి చూపించారు. ఆ జాలే నా కొంప ముంచింది.

ఆ ఆదివారం మా ఆయన కత్తెర తీసుకుని నన్ను అదే పీట మీద కూర్చోబెట్టాడు. ఎర్రదీ నల్లదీ మిగలకుండా మొత్తం కత్తిరించాడు. తల మీద తెలుపు ఒక్కటే మిగిలింది. "మంచిగున్నవే" అన్నాడు. నేను ఆయన భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చాను. కూతురు హాస్టల్ ఖాళీ చేసి, రోజూ బస్సులో పోయి వస్తోంది. వచ్చే ఏడు ఫీజు సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు నా డ్యూటీలో బట్టల గది కూడా ఉంది. మాపు పెట్టాక అద్దం తుడవాలి. మొదటి రోజు చూస్తే, కుడివైపు కింది మూలలో నా మెరూన్ బొట్టు అలాగే ఉంది. ఇంటికి పంపిన రోజు తీసుకోవడం మర్చిపోయాను. గుడ్డ పక్కన పెట్టి, దాన్ని తీసుకుందామని గోరు ఆనించాను. వెనక ఎవరో కొత్త పిల్ల టోపీ సర్దుకుంటోంది.

"అమ్మా, గా బొట్టు ముట్టకు," అంది. "ఎవరో అక్కదది."

సరేనని చెయ్యి తీసి, దాని చుట్టూ తుడిచాను.