మూడు రోజుల నీలం

నీలం ఉంగరం పెట్టుకోవాలన్నది మా ఆవిడకు పాతికేళ్ల కోరిక. గ్రహాల కోసం కాదు, ఆ రంగు కోసం. పెళ్లయిన కొత్తలోనే అడిగింది. చూద్దాం అన్నాను. లెక్క తేలకుండా అడుగు వేసే మనిషిని కాను. ఈ లెక్క తేలడానికి పాతికేళ్లు పట్టింది.

ఓడరేవు దగ్గర లారీలు తూచే కాటా మీద నా ఉద్యోగం. బొగ్గు లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒక తూకం, బయటికి పోయేటప్పుడు ఒక తూకం, రెండింటి తేడా సరుకు. రాళ్ల సంగతి ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు, ఫోన్లో వీడియోలు, పది రెట్లు చూపించే చిన్న భూతద్దం, మిల్లీగ్రాము దాకా తూచే అరచేతి కాటా, ఇవే నా గురువులు. నలభై టన్నులు తూచేవాడికి అర గ్రాము తూచడం ఎంత సరదానో చెప్పలేను. కాటా కొన్న రోజు పోపుల పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. మా ఇంటి ఆవగింజ రెండు మిల్లీగ్రాములు.

నాకు కావాల్సింది కాల్చని నీలం. ఇప్పుడు దొరికే నీలాల్లో చాలావాటిని ఇనుము కరిగేంత వేడిలో కాలుస్తారు. మబ్బు విడిపోతుంది, రంగు తేరుకుంటుంది. చెప్పి అమ్మితే అది మోసం కాదు. కానీ భూమిలోంచి వచ్చింది వచ్చినట్టే ఉండి, చూడగానే కళ్లు తిప్పుకోలేని రాయి ఏదైనా ఉంటే, మా ఆవిడ వేలికి అదే ఉండాలని నా పంతం.

పాతఊరులో రాళ్లు పొదిగే ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ భాయ్ అంటారు. శుక్రవారం సాయంత్రం తెల్ల కాగితం మీద ఒక రాయి పెట్టారు. వర్షం వెలిసిన మధ్యాహ్నం సముద్రం ఉండే రంగు.

"గరమ్ సెయ్యని మాల్ సాబ్. సిలోన్ రాయి, మా నాయన పెట్లోది. మూడు రోజులు తీసుకెళ్లండి. పడితే ఉంగరం సేత్తాను. పడకపోతే సోమవారం సాయంత్రం నమాజు లోపు తెచ్చీండి. ఆ తర్వాత ఇంకొకాయన అడిగున్నాడు, ఆయనకిచ్చేత్తాను."

నీలం అమ్మకంలో ఈ గడువు మామూలే. నీలం శని రాయి, అందరికీ పడదంటారు. గుడ్డలో మూటకట్టి మూడు రోజులు జబ్బకు కట్టుకుంటారు. మంచి జరిగితే ఉంచుకుంటారు, చెడు జరిగితే తిరిగి ఇచ్చేస్తారు. ఆ మూడు రోజుల్లో నా పరీక్షలన్నీ చేసుకోవచ్చని లోలోపల ఎగిరి గంతేశాను.

ఇంటికి వెళ్లేసరికి సబ్బవరం నుంచి మా అక్క దిగి ఉంది. మేం అప్ప అంటాం.

"ఒరే, నీలం తెచ్చీనావా! ఎవర్నీ అడగా పెట్టా నేదేటిరా?"

"శని కోసం కాదప్పా, రంగు కోసం."

"రంగు కోసమైతే శని రాడేటి? ఆడికి నువ్వు కబురెట్టీనావా?"

నేను భూతద్దం తీసేలోపే అప్ప రాయిని పాలలో కడిగేసింది. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మిషను కింద పడిన నీలం రంగు పీలిక ఒకటి అప్ప ఏరి, రాయిని అందులో మూటకట్టి, మా ఆవిడ ఎడమ జబ్బకు ముడేసింది. "మూడ్రోజులు ముడి ఇప్పకండి. ఇప్పినారా, మళ్లీ ఒకట్నుంచి లెక్క" అంది.

అంటే రాయి ఇంట్లోనే, నా కళ్లముందే ఉంది. కానీ అది నీలమో గాజో చూసుకునే దారి లేదు. భాయ్ గడువు మాత్రం తరిగిపోతోంది.

ఆ రెండు రోజులూ అప్ప వేళ్ల మీద మంచీ చెడూ లెక్కపెట్టింది. పాలు విరిగాయి, చెడు. చేపలమ్మ ఒక చేప ఎక్కువేసింది, మంచి. కరెంటు పోయింది, చెడు. ఈ చివరిది నేను ఒప్పుకోలేదు. వీధిలో ఎన్నో ఇళ్లున్నాయి, అందరి కరెంటూ పోయింది, అందరి జబ్బలకూ నీలం కట్టలేదు కదా అన్నాను. "నీ లెక్కలు లారీలకి సెప్పుకో" అంది.

సోమవారం మధ్యాహ్నం భోజనమయ్యాక అప్ప నడుం వాల్చింది. నేను కాటా, భూతద్దం చంకలో పెట్టుకుని తచ్చాడుతున్నాను. మా ఆవిడ వంటగదిలోంచి తొంగి చూసి చెయ్యి ఊపింది. నా మేనత్త కూతురే మా ఆవిడ. పెళ్లికి ముందు నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది.

"బావా, గురక మొదలైనాది. రా రా!"

ఇద్దరం చెప్పులు చేత్తో పట్టుకుని డాబా ఎక్కాం. యాభై దగ్గర పడుతున్న మనుషులం. పిట్టగోడ మీది నల్లటి ధూళి తుడిచి కాటా పెట్టాను. సముద్రపు గాలికి అంకెలు గంతులేస్తున్నాయి. మా ఆవిడ గొడుగు విప్పి గాలికి అడ్డం పట్టింది. నవ్వు ఆపుకోలేక ఊగిపోతోంది.

"నవ్వకే, అంకె కదుల్తంది."

"నువ్వు మాటాడకు బావా, నీ మాటకీ కదుల్తంది."

ముడి విప్పాం. రాయి 512 మిల్లీగ్రాములు. తర్వాత చిన్న కప్పులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నాకి తెచ్చాను. రాయిని సన్నని దారంతో కట్టి, కప్పు అడుగు తగలకుండా నీళ్లలోకి దించాను. అప్పుడు కాటా చూపించే అంకె, రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. దాంతో మొదటి బరువును భాగిస్తే నీలానికి నాలుగు రావాలి.

142 చూపించింది. భాగిస్తే మూడు పాయింట్ ఆరు.

మళ్లీ భాగించాను. అదే.

"ఏటి, మొకం మాడిపోనాది?"

"ఇది నీలం కాదే. నీలంలా కనిపించే ఇంకో రాయి."

గొడుగు మెల్లగా కిందికి దిగింది.   మా ఆవిడ వంగి, కప్పును పక్కనుంచి చూసింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూస్తుంది, అలాగే.

"బావా, రాయి కింద గాలి బుడగున్నాది."

జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి నీళ్లలో మెల్లగా కదిపింది. బుడగ పైకి తేలి పగిలింది. అంకె కిందికి జారి, ఆగింది. 128. ఐదు వందల పన్నెండు బై నూట ఇరవై ఎనిమిది. నాలుగు! తోక లేని, దశాంశం లేని నాలుగు! గట్టిగా అరవబోయాను, తడి చేత్తో నా నోరు మూసింది.

నాలుగు వచ్చినంత మాత్రాన సరిపోదు. ఫ్యాక్టరీలో చేసిన నీలానికీ, కాల్చిన నీలానికీ నాలుగే. భూతద్దంలో చూశాను. ఉత్సాహంలో దూరం కుదరక మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. మా ఆవిడ లాక్కుంది.

"ఇందులో గుడ్డ నేసున్నాది బావా. పట్టు గుడ్డ."

ఆ మాట నేనెప్పుడూ ఆమెకు చెప్పలేదు. పుస్తకాల్లో దాని పేరు పట్టే. కాల్చని నీలంలో వెంట్రుక కన్నా సన్నని పోగులుంటాయి, ఫ్యాక్టరీ రాయిలో ఉండవు.

"కానీ మన గుడ్డలాగ కాదు. పడుగూ పేకా కాక ఇంకో దారమున్నాది. మూడేపుల్నుంచి వత్తంది."

"తెగినట్టుందా? చుక్కలు చుక్కలుగా?"

"నేదు."

"బాగా సూడు."

"ఇరవయ్యేళ్లుగా దారాలే సూత్తన్నాను. తెగనేదంటే తెగనేదు."

గట్టిగా కాలిస్తే ఆ పోగులు కరిగి చుక్కలైపోతాయి. ఈ రాయి నిప్పు చూడలేదు. డాబా మీద ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకుని గిర్రున తిరిగాం. తిరిగేసరికి మెట్ల దగ్గర అప్ప.

"ముడి ఇప్పీసినారా! మళ్లీ ఒకట్నుంచి. ఇంకో మూడ్రోజులు."

ఇంకో మూడు రోజులు భాయ్ ఆగరు. నేను పోగుల సంగతి వివరించబోయాను. అప్ప భూతద్దం కంటికి ఆనించి, "లోపల మబ్బుంది. మచ్చున్న నీలం దోసం. ఇచ్చీసి రా" అంది.

 మా ఆవిడ రాయిని పిడికిట్లో మూసేసుకుంది.

"వదినా, పాతికేళ్లు నీ తమ్ముడితో కాపురం సేసినాను. శని కొత్తగా నన్నేటి సేత్తాడు?"

అప్ప కోపంగానే ఉందామని చూసింది. పెదవులు బిగించింది. కుదరలేదు. మెట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"ఓలమ్మా... నిజమే గదే! పొండి, పొండి. ఆ భాయి తలుపేసీగల్డు."

నమాజుకు పదకొండు నిమిషాల ముందు భాయ్ దుకాణం మెట్లెక్కాం. రాయి ఉంచుకుంటున్నామని చెప్పాం. ముందు బంగారం పని పూర్తిచేసి, చల్లారాకే రాయి కూర్చోబెడతానన్నారాయన. "ఇన్నాళ్లు నిప్పు సూడని రాయికి నా చేత్తో సూపిస్తానా సాబ్?" అన్నారు. పొదిగే ముందు ల్యాబుకు పంపించాం. వేడి చేసిన గుర్తులు లేవని కాగితం వచ్చింది. నేను దాన్ని నాలుగుసార్లు చదివాను. మా ఆవిడ ఒక్కసారి కూడా చదవలేదు.

ఉంగరం చేతికిచ్చిన రోజు ఆమెను ఇంటికి తీసుకురావడమే పెద్ద పనైంది. ముందు భాయ్ ట్యూబ్‌లైటు కింద చూసుకుంది. దీపాల కింద కొన్ని నీలాలు నల్లగా కనిపిస్తాయి, ఇది నల్లబడలేదు. బయటికొచ్చి ఎండలో చూసుకుంది. పక్క కొట్టు పందిరి కింద నీడలో చూసుకుంది. నేను బండి స్టార్ట్ చేసి ఆమె హెల్మెట్ పట్టుకుని కూర్చున్నాను. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"ఎక్కవే, వెళ్దాం."

"ఉండు బావా," అంటూ ఆ ఆటో వైపే నడిచింది, "దీని టాపు కింద ఎలగుంటాదో సూడనేదు."