కారు తలుపులో కోడిపుంజు

ఈ రోజు పొద్దున మా సుబేదారి గల్లీలో పక్కింటి రమేశ్ కారు కడిగాడు. షాంపూతో కడిగి, పాలిష్ పట్టించి, ఆపైన వ్యాక్స్ కూడా రుద్దాడు. బిడ్డను బడికి తయారు చేయడానికి మాత్రం ఇంత ఓపిక ఉండదు. తలుపులు అద్దాల్లా మెరిశాయి. వాటిలో చూసుకుని తల దువ్వుకుని లోపలికి పోయాడు.

తర్వాత మా పుంజు ఆ కారు దగ్గరికి పోయింది. తలుపులో ఇంకో పుంజు కనబడేసరికి మెడ ఈకలు లేపి పొడవడం మొదలుపెట్టింది. నేను పోయి పట్టుకునేలోపే గీతలు పడ్డాయి.

చప్పుడుకు రమేశ్ బయటికొచ్చాడు.

"తాతా, దీన్ని కట్టేస్తవా, లేకుంటె ఆదివారం కూర వండుకోమంటవా?"

"కారుకు జర కవర్ కప్పరాదా బిడ్డా?"

"కవర్ కప్తే ఈ మెరుపు ఎవలకు కనపడ్తది?"

పుంజును తెచ్చి గంప కింద మూశాను.

సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నాను. గల్లీలో ఎందరో పోయారు, ఒక్కరూ ఆగి ఆ కారును చూడలేదు. దాన్ని అంత శ్రద్ధగా చూసింది మా పుంజొక్కటే. ఉన్న ఒక్క అభిమానిని కూర వండుకుంటాడట. మీరేమంటారు?