కూతురితో పందెం

సొరోబోన్ ఒడ్డున మిర్లాను ఎరగనివాళ్ళు లేరు. కరీబియన్ సముద్రంలోని బొనైర్ దీవికి వచ్చే యాత్రికుల్లో సగంమంది మొట్టమొదటిసారి నీటిపై జారే బోర్డు మీద నిలబడి, తెరచాప పట్టుకుని, నీళ్ళలో బోర్లా పడేది ఆమె ఎదుటే. ఆమె తండ్రి చేపలు పట్టేవాడు. ఎవరో డచ్చి యాత్రికుడు చిరిగిపోయిందని పారేసిన తెరచాపను ఆయన వల అల్లే దారంతో కుట్టి ఇచ్చాడు. మిర్లా దానితోనే గాలిని లొంగదీసుకోవడం నేర్చుకుంది. పెళ్ళీడు వచ్చేసరికి దీవి మొత్తానికి ఆమెతో సమానంగా పోయే ఆడపిల్ల ఒక్కతే ఉండేది. ఆ పిల్ల పేరు ఒడెట్. ఇద్దరూ బడిలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు. నీళ్ళలోకి దిగితే మాత్రం ఒకరి పొడ ఒకరికి గిట్టేది కాదు.

తర్వాత మిర్లాకు పెళ్ళయింది, జునైసా పుట్టింది. పందేలు పోయి యాత్రికులకు చెప్పే పాఠాలు మిగిలాయి. ఒడెట్ దేశాలు తిరిగింది, కప్పులు గెలిచింది, ఇన్నేళ్ళకు తిరిగొచ్చి అదే ఒడ్డున పందెగాళ్ళకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆమె వచ్చిన నెలలోపే ఒకనాడు భోజనాల దగ్గర జునైసా తలెత్తకుండా చెప్పింది. "అమ్మా, రేపట్నుంచి ఒడెట్ ఆంటీ దగ్గర నేర్చుకుంటా."

మిర్లా చేతిలో మొక్కజొన్న సంకటి ముద్ద అలాగే ఉండిపోయింది. "నా దగ్గర ఏం తక్కువైందే?"

"తక్కువని కాదమ్మా."

"మరేంటి?"

"చెప్పినా నీకర్థం కాదులే."

ఆనాటి నుంచి ఇంట్లో ఏ మాటైనా 'ఒడెట్ ఆంటీ ఏమందంటే' అనే మొదలయ్యేది. పిల్ల జుట్టు కూడా ఆమెలాగే నెత్తి మీదికి ముడి వేయడం మొదలుపెట్టింది. మిర్లా పాఠం చెబుతూ చెబుతూ అటువైపు చూసేది. అక్కడ ఒడెట్ ఏదో అనడం, జునైసా పగలబడి నవ్వడం కనిపించేది. తన దగ్గర అలా ఎప్పుడు నవ్విందో గుర్తు చేసుకోబోయి, గుర్తురాక, కడుపులో నిప్పులు పోసుకున్నట్టయ్యేది. ఒకసారి అలా చూస్తూ ఉండగానే తన దగ్గర నేర్చుకుంటున్న పెద్దమనిషి తెరచాపతో సహా మడ అడవిలోకి కొట్టుకుపోయాడు.

దీవి పందెం రోజు రానే వచ్చింది. ఆ రోజు గాలి పొద్దున్నుంచే విసురుగా ఉంది. ఇసుక కాళ్ళకు సూదుల్లా గుచ్చుకుంటోంది. రేకుల పందిరి కింద మేకమాంసం ఉడుకుతోంది. యాత్రికులు టోపీలు పట్టుకుని నిలబడ్డారు. పందెం మొదలుపెట్టేది ముసలి నోలి మామ. ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు.

ఒడెట్ వంగి జునైసా నడుముకు పట్టీ బిగిస్తోంది. ఆ పని నిన్నమొన్నటి దాకా మిర్లాది. పిల్ల చేతులు పైకెత్తి, చిన్నప్పుడు తల్లి ముందు నిలబడినట్టే నిలబడింది. మిర్లా చూడలేకపోయింది. విసవిసా కొట్టంలోకి వెళ్ళి దుమ్ము పట్టిన తన పందెం బోర్డు బయటికి లాగింది.

"మామా, నా పేరు కూడా రాయి."

"దేనికే, కూరకా?" అన్నాడు నోలి మామ.

"పందేనికి!"

"ఈ గాలికా? నీ మోకాళ్ళు ఒప్పుకున్నాయా?"

అందరూ నవ్వారు. జునైసా నవ్వలేదు. తల్లిని వింతగా చూసింది. ఒడెట్ మాత్రం, "రావే మిర్లా, ఎన్నాళ్ళయింది పందెంలో నీ వీపు చూసి!" అంది. ఎగతాళో, అభిమానమో తెలియలేదు. ఏదైనా సరే, మిర్లాకు ఒళ్ళు మండిపోయింది.

బూర ఊదగానే తెరచాపలన్నీ ఒక్కసారి గాలి పోసుకున్నాయి. మిర్లా మొదట కాస్త తడబడింది. కానీ బోర్డు నీటి మీదికి లేచి జారడం మొదలుపెట్టాక ఒంట్లో పాత మనిషి మేలుకుంది. ఒక్కొక్కరే వెనకబడ్డారు. చివరికి ముందు ఒక్క తెరచాపే మిగిలింది. అది జునైసాది.

అఖాతం అవతల తేలుతున్న నారింజరంగు డ్రమ్ము దగ్గర జునైసా మలుపు తీసుకుంటుండగా గాలి ఒక్క ఊపు ఊపింది. పిల్ల తెరచాప మీదుగా ఎగిరి అవతల పడింది. నడుము లోతు నీళ్ళే కాబట్టి వెంటనే లేచి నిలబడింది, దగ్గుతూ. "అమ్మా!" అంది.

మిర్లా ఆగలేదు. పక్కనుంచి దూసుకుపోయింది. ఆ క్షణంలో ఆమెకు కలిగింది సంతోషమే. 'ఇదిగో, నీ ఒడెట్ నేర్పింది ఇదేనా?' అనుకుంది. ఒడ్డు సగం దూరంలో ఉండగా తను అనుకున్నది తనకే వినిపించి సిగ్గుతో చితికిపోయింది. అయినా తెరచాప వదల్లేదు. గెలిచింది.

ఒడ్డున జనం ఆమె వీపు తట్టారు. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. కాసేపటికి జునైసా బోర్డు ఈడ్చుకుంటూ వచ్చింది. ఒడెట్ ఎదురెళ్ళింది గానీ పిల్ల ఆమెను దాటుకుని నేరుగా తల్లి దగ్గరికొచ్చింది.

"నన్ను దాటి పోయావు."

"పోయాను. తిట్టవే, తిట్టు."

"తిట్టడం దేనికి? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను ఓడించావా నువ్వు? నా పక్కకొచ్చేసరికి తెరచాప వదులు చేసేస్తావు. నాకు తెలీదనుకున్నావా? నేను గెలిచిందేదో, నువ్వు గెలిపించిందేదో తెలీక చచ్చిపోయేదాన్ని. ఒడెట్ ఆంటీ ఒక్కసారి కూడా వదల్లేదు. అందుకే వెళ్ళా."

మిర్లా కూతురి చేతిలోంచి బోర్డు అందుకుంది. పిల్ల తడి తల ఆమె భుజానికి ఆనించి, "ఇవాళ బాగా పోయావమ్మా, మంటెక్కింది నాకు" అంది.

జునైసా ఒడెట్‌ను మానలేదు. సాయంత్రాలు అటే పోతుంది. ఆదివారాలు మాత్రం తల్లీకూతుళ్ళు పందెం వేసుకుంటారు. రెండుమూడుసార్లు మిర్లాయే గెలిచింది. ఒక ఆదివారం ఎంత ఒరిగినా, ఎంత లాగినా కూతురి తెరచాప అందలేదు.

ఒడ్డుకొచ్చాక జునైసా అనుమానంగా చూసింది. "నిజం చెప్పు. వదిలేశావా?"

"నీ మీదొట్టు. చేతులు పడిపోయాయే."

పిల్ల కెవ్వున కేక వేసి, ఇసుకలో పరుగు తీసింది, ముందుగా ఒడెట్‌కు చెప్పడానికి. మిర్లా వగరుస్తూ అటే చూస్తూ నిలబడింది. కడుపులో మళ్ళీ భగ్గుమంది.