తువ్వాలు కింద చెయ్యి

ఆదోనిలో తరతరాలుగా పత్తి బేరం చేసే ఇంట్లో పుట్టి, సరుకు విప్పి చూడకుండా డబ్బిచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ గౌరవంలో ఇంకెవరికీ వాటా ఇవ్వను. కొన్నది ఏమిటంటారా? ఎమ్మిగనూరులో చనిపోయిన ఒక నేతగాడి గుంట మగ్గం. ముక్కలుగా విప్పి తాళ్ళతో కట్టిన కట్టెల మోపు.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఎవరైనా ఆ కథలు మొదలుపెడితే, ముందు సరుకు చూపించు, ధర తర్వాత మాట్లాడదాం అనేవాణ్ణి. ఇప్పుడు చూపించడానికి నా దగ్గరా ఏమీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నూలు కరువై ఎమ్మిగనూరులో చాలా మగ్గాలు ఆగిపోయాయి. నేతగాళ్ళు కొందరు షోలాపూరు మిల్లులకు పోయారు. కొందరి మగ్గాలు పొయ్యిలోకి పోయాయి. మా ఊరి బడిలో చేతిపనులు నేర్పే అయ్యవారు హనుమంతాచారి ఒక గది ఖాళీ చేయించి, పాత పనిముట్లన్నీ అందులో చేర్చడం మొదలుపెట్టాడు. దూది ఏకే విల్లు, పత్తి గింజలు తీసే చెక్క రాట్నం అప్పటికే వచ్చాయి. పిల్లలు వాటిని ఊరికే చూసి పోకూడదు, వాటితో పని నేర్చుకోవాలని ఆయన పట్టుదల. బేరం బాగా ఆడతానని మగ్గం తెచ్చే పని నాకు అప్పగించాడు.

నేతగాడి తమ్ముడు నాగప్ప బండి తోలేవాడు. నేను వెళ్ళేసరికి వంటచెరకు కొనే మనిషి ఒకడు వాళ్ళ వాకిట్లో నిలబడి ఉన్నాడు. వాడికి ధర తెలియకూడదని, మా పత్తి మార్కెట్టు పద్ధతిలో తువ్వాలు కప్పి దాని కింద చేతులు కలిపాం. ఈ బేరంలో నోరు తెరవరు. వేళ్ళు పట్టి నొక్కడమే ధర చెప్పడం. అవతలివాడు ఒప్పుకుంటే ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేస్తాడు. ఎప్పుడూ కుడిచెయ్యే ఇవ్వాలి.

నా చేతికి తగిలింది ఎడమచెయ్యి.

బొటనవేలు ఉండవలసిన వైపు లేదు. నాకు మనుషుల ముఖాలు గుర్తుండవు గాని చేతుల విషయంలో పొరబడను. బేరానికి ఎడమచెయ్యి ఇవ్వడం అవమానమే. తక్కువలో తెగితే చాలు, అవమానానికి వేరే కూలి అడగనులే అనుకుని ఊరుకున్నాను. ఆ చెయ్యి సన్నగా, పొడిగా, బూడిద రాసుకున్నట్టు ఉంది. చూపుడువేలి మీద దారం కోసిన గాడి. నేను నొక్కిన ధరకు అది జవాబివ్వలేదు. నా బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరికి చేర్చి, వెనక్కి నెట్టి, మెలితిప్పి, చివర చిన్నగా మడిచింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

“ఏం శెట్టీ, మగ్గంతో పాటు మనిషి చెయ్యి కూడా కొంటాండావా?” అన్నాడు వంటచెరకువాడు.

తువ్వాలు లాగేశాను. నా చేతిలో ఉన్నది నాగప్ప కుడిచెయ్యి. పగ్గాలు పట్టి మొద్దుబారిన లావుపాటి చెయ్యి.

“సరే అంటిని కదప్పా, ఇంగ ఇడువు!” అన్నాడు నాగప్ప.

ఆ కంగారులోనే మోపు విప్పకుండా డబ్బిచ్చి బండికెత్తించాను.

బడిలో విప్పాక తెలిసింది. చనిపోయినవాడు నేసిన చివరి చీర పడుగు కొసలు ఇంకా పోగులు దూర్చే మగ్గపు అచ్చులో ఉన్నాయి. కొత్త దారాలను ఒక్కొక్కటిగా ఆ కొసలకు పురిపెట్టి అతికితేనే అతని చీర అంచు మళ్ళీ నేతకు వస్తుంది. కొసలు పోతే దాన్ని ఎలా కూర్చాడో చెప్పే దిక్కు లేదు. కౌతాళం నుంచి రప్పించిన నేతగాడు మధ్య భాగమంతా సులువుగా అతికాడు. అంచు దగ్గర మాత్రం పురి పెట్టిన ప్రతిసారీ దారం విచ్చుకుపోయింది, కొస తెగి పొట్టిదయింది.

“ఇది నా చేతికి లొంగదప్పా. ఇంగా ముట్టుకొంటే మీకు చూసేదానికి కూడా మిగలదు” అని అతను లేచిపోయాడు.

అయితే అచ్చును కొసలతో సహా అద్దాల బీరువాలో పెట్టేద్దామన్నాడు అయ్యవారు. నాకు మండింది.

“చూసేదానికి కట్టెలైతే మా గిడ్డంగిలో శానా ఉండాయి, అయ్యవారూ. నేను కొనింది మగ్గం.”

చేతిపనుల తరగతిలో మాబున్ని అని ఒక పిల్ల ఉండేది. దూదేకులవాళ్ళ అమ్మాయి, నోరు గట్టిది. “శెట్టి మామా, నీకు నూలు తూచేది వస్తాది గాని అతికేది వస్తాదా?” అంది. గదంతా నవ్వు.

ఆ పౌరుషానికి మగ్గం ముందు కూర్చున్నాను. దారం జారకుండా వేళ్ళకు బూడిద రాసుకుని రెండు కొసలు పట్టుకున్నాను. నేనేమీ ఆలోచించలేదు. నా వేళ్ళు వెనక్కి నెట్టి, మెలితిప్పి, చివర మడిచాయి. లాగి చూశాను. విచ్చుకోలేదు, తెగలేదు. రెండో పోగూ నిలిచింది. మూడో పోగు దగ్గర, తువ్వాలు కింద ఆ చెయ్యి నా వేళ్ళను తిప్పింది ఇలాగేనని గుర్తొచ్చింది. అయినా లేవలేదు. లేస్తే మళ్ళీ కూర్చోలేనని తెలుసు. అంచు పూర్తయ్యేదాకా అతికాను.

తర్వాత పిల్లలకు చెప్పబోతే మాటలు రాలేదు. ఒక్కొక్కరి వేళ్ళు పట్టుకుని తిప్పి చూపించవలసి వచ్చింది.

నాగప్ప పత్తి బండితో ఆదోని వచ్చినప్పుడు అతన్ని పట్టుకుని అడిగాను, ఆ రోజు ఎడమచెయ్యి ఎందుకిచ్చావని.

“బేరానికి ఎడమచెయ్యా? నేనేం పిచ్చోన్నా? మాయన్నది శెట్టీ, రొడ్డచెయ్యి. అన్నం తినేది తప్ప అన్నీ ఎడమతోనే. అంచు పోగు ఆయప్పే పురి పెట్టుకొంటాండె, అందరూ తిప్పేదానికి ఎదురు దిక్కుగా. ఎవరికైనా నేర్పల్ల, నేర్పల్ల అంటానే జరమొచ్చి పోయినాడు.”

కుడికి విచ్చుకుంటే ఎడమకు తిప్పాలన్న తెలివి ఎవరికైనా పుట్టవచ్చు. నాకే పుట్టిందని చెప్పుకుందామని ఎన్నోసార్లు ప్రయత్నించాను. కానీ చివర ఆ మడత? అది నాకు ఎవరూ చెప్పలేదు. ఎక్కడా చూడలేదు.

చివరికి లెక్క. మగ్గానికి వంటచెరకు ధరకన్నా ఎక్కువే ఇచ్చాను. బండి కూలి, కౌతాళం మనిషి బత్తెం, పాడైన నూలు, అన్నీ నా నెత్తినే. అంచులో కొన్ని కొసలు నేను కూర్చోకముందే పోయాయి, వాటి చోట ఇప్పటికీ సన్నని ఖాళీ వస్తుంది. నేర్చుకుందామని కూర్చున్న పిల్లల్లో ఎక్కువమంది మానేశారు. ముగ్గురికి వచ్చింది. మాబున్నికి నాకన్నా బాగా వచ్చింది. రాబడి అంతే. నాకు నేర్పినందుకు కూలి ఎవరి చేతిలో పెట్టాలో తెలియలేదు, అది ఇంకా బాకీ.