రేవు గుంజ మీద మా బాబాయి చేతులు

మాది మామిడికాయల వ్యాపారం. కళ్ళతో చూడందే కాయ కొనం, మాటా నమ్మం. ఎవరికైనా దెయ్యం పట్టిందంటే, ముందు కడుపు నిండా అన్నం పెట్టి చూడండి అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. కానీ మా బాబాయికి జరిగింది నా కళ్ళతో చూశాను.

స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు. మృగశిర కార్తెలో కాలవకు నీళ్ళు వదిలాక, నూజివీడు తోటల్లో చివరి కోత కాయ బండ్ల మీద ఏలూరు కాలవకు చేరేది. అక్కడి నుంచి పడవల్లో బెజవాడకు. పొలాల డొంక కాలవను దాటేచోట చిన్న వంతెన, దాని పక్కనే రేవు. పడవలు కట్టడానికి ఒడ్డున తాటి గుంజ పాతారు. అక్కడి పాకలో పిన్నీ నేనూ కాయలు ఏరించేవాళ్ళం.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. బాబాయికి నోరూ మంచిది కాదు, చెయ్యీ మంచిది కాదు. ఒకరోజు బండిలో ఒక గంప రసాలు తగ్గాయి. బండి వెంట వచ్చిన తోట కాపలా పోలయ్య తీశాడని, పడవ మోకుతో అతని రెండు చేతులూ ఆ గుంజకు కట్టించాడు.

"నేను తియ్యలేదు బాబూ, పిల్లల మీద ఒట్టు" అన్నాడు పోలయ్య.

పొద్దు వాలేదాకా ఎండలో నిలబెట్టాడు. పిన్ని మంచినీళ్ళు తీసుకెళ్తే చెంబు లాక్కున్నాడు. ముడి విప్పేసరికి పోలయ్య మణికట్లు చర్మం లేచి కమిలిపోయాయి. అతను ఎవరి వంకా చూడకుండా వంతెన ఎక్కి కాలవలో దూకాడు. శవాన్ని మర్నాడు దిగువన తీశారు. గంప కూడా ఆ రోజే డొంకలో దొరికింది. బండి కుదుపుకు జారిపడిందట. నాకు బాబాయి మొహం చూడాలంటే అసహ్యం వేసింది.

దినాలన్నా కాకముందే రేవులో గొడవ మొదలైంది. వేరేవాళ్ళ పడవలు మామూలుగా విప్పుకుని పోతున్నాయి. బాబాయి సరుకున్న పడవ ముడి మాత్రం లాగేకొద్దీ బిగుస్తోంది. తడిసిన తాడు బిగియక ఏం చేస్తుందని నవ్వాను. ఎండిన కొత్త మోకు తెప్పించి, దగ్గరుండి కట్టించాను. అదీ అంతే. కొడవలితో కోసి పడవ వదిలారు.

మళ్ళీ పడవ వచ్చినప్పుడు బాబాయి కొడవలి పట్టనివ్వలేదు. "చచ్చినోడికి భయపడితే ఇంక యాపారం చేసినట్టే" అంటూ తానే ముడి మీద చేతులు వేశాడు. మిట్టమధ్యాహ్నం, అందరం చూస్తూనే ఉన్నాం. ఆ చేతులు వెనక్కి రాలేదు. మోకు ఆయనను చుట్టుకోలేదు. అయినా రెండు మణికట్లూ ఒకదానికొకటి అంటుకుని గుంజ మీదే ఉండిపోయాయి. మగాళ్ళంతా పట్టి లాగినా కదల్లేదు. దాహమని ఏడ్చాడు. పిన్ని నీళ్ళు పోస్తే గుటక పడలేదు. పొద్దు వాలాక చేతులు వాటంతటవే ఊడాయి. మణికట్ల చుట్టూ మోకు పేనిన గీతలతో సహా అచ్చు పడింది.

ఆ తర్వాత ఆ చేతులకు ముద్ద కలిపే పట్టు కూడా రాలేదు. పసిపిల్లాడికి పెట్టినట్టు పిన్నే తినిపించేది. నరాలన్నీ బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు.

చివరికి పిన్ని ఆయన్ని బండెక్కించుకుని ముసునూరులో పోలయ్య భార్య మంగ దగ్గరికి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను.

"తప్పయిపోయింది మంగా. ఆయన్ని వదిలెయ్యమని మీ ఆయనకి చెప్పమ్మా" అని పిన్ని చేతులు జోడించింది.

"కట్టింది నేను కాదండీ. ఇప్పటం నా వల్ల ఎట్టా అవుద్ది?" అంది మంగ.

కానీ దగ్గరికి వచ్చి బాబాయి మణికట్లు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"మా ఆయన్ని కాలవలోంచి తీసినప్పుడు చేతులు నున్నగా ఉన్నాయండీ. పగలంతా కట్టేశారు కదా, మోకు అచ్చు ఏమైపోయిందా అనుకున్నాను" అంది. చేతులు వదిలేసి లోపలికి వెళ్ళి తడిక వేసుకుంది.

బాబాయి ఆ అచ్చుతోనే కాటికి వెళ్ళాడు. అదేమిటో నాకు ఈ రోజుకీ అంతుబట్టలేదు. పిన్నిని తలుచుకుంటే ఏడుపొస్తుంది. పోలయ్య మీద మాత్రం నాకు ఎప్పుడూ కోపం రాలేదు.