బొడ్డు కోసం మడిచిన పెట్టె

కాగితంతో పెట్టె మడవడం మా అత్త నాకు ఆస్పత్రిలో నేర్పింది. అప్పటికి బాబు పుట్టి నాలుగు రోజులు. నెలలు నిండకుండా పుట్టాడని వాణ్ణి ఇంక్యుబేటర్‌లో పెట్టారు. పీలమేడు ఆస్పత్రిలో ఆ వార్డు బయట వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. మూడు గంటలకోసారి పాలు పిండి నర్సు చేతికివ్వడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, అదే నా పని. ఏడుపు లేదు, ఆకలి లేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది.

"సుమ్మా ఊరికే కూకోవద్దమ్మిణీ, చేతులకేమన్నా పని పెట్టు" అని అత్త సంచిలోంచి కాగితాలు తీసింది. ఇంట్లో రోజుకొకటి చింపే కాలెండర్ కాగితాలు. మిల్లులో పనిచేసే రోజుల్లో వేరుశెనగలు పోసుకోవడానికి వీటితోనే పెట్టెలు మడుచుకునేవారట.

బిడ్డ లోపల ఊపిరికి కొట్టుకుంటుంటే నాకు ఆటలా? ఒళ్ళు మండింది. "ఇదెందుకిప్పుడు?" అన్నాను.

"బొడ్డు ఊడితే దీంట్లో పెట్టి ఎండబెట్టాల. ఎండినాక వెండి తాయెత్తులో వేసి బిడ్డ నడుముకి కట్టాల. నీ మొగుడికీ నేనట్లనే కట్టినాను. పారెయ్యొద్దని నర్సమ్మకి చెప్పేసినాను."

అత్త చూపించినట్టే మడిచాను. కాగితాన్ని చదరంగా చింపి, నాలుగు మూలలూ నడిమికి మడవాలి. తర్వాత ఎదురెదురు అంచుల్ని నడిమికి మడిచి, గీత పడ్డాక విప్పాలి. మిగతా రెండు అంచులకీ అంతే. అప్పుడు రెండు మూలలు విప్పి, గోడలు నిలబెట్టి, ఆ మూలల్ని గోడల మీదుగా లోపలికి దించాలి. నాలుగు కొసలూ అడుగున ఒకచోట కలవాలి. నావి కలిసేవి కావు.

"అయ్యో రామా, వంకర పెట్టె! దీంట్లో చీమ కూడా ఉండదు" అని అత్త నవ్వేది. నవ్వుతూనే లోపలి తలుపు వైపు చూసేది.

ఎనిమిదో రోజు నర్సు బయటికొచ్చి, బాబు ఊపిరి కొంచెం బాగుందని చెప్పింది. అత్త వెంటనే పర్సులో దాచిన కాగితం తీసింది. అది బాబు పుట్టిన రోజు కాలెండర్ కాగితం. తేదీ, నక్షత్రం అన్నీ ఉన్నాయి.

"జాతకం రాసేకి ఎత్తిపెట్టినాను. రాసేటాయనకి అన్నీ చెప్పేసినాను. ఇంక దీంతోనే మడువు."

తేదీ అడుగున కనబడేలా మడిచాను. కొసలు నాలుగూ కలిశాయి. అత్త తిప్పి తిప్పి చూసి, "ఇది పెట్టె" అంది.

పదో రోజు పొద్దున మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టర్ ఏదో చెబుతున్నాడు. నేను వాడి బొడ్డు చూస్తున్నాను. ఇంకా ఊడలేదు. ప్లాస్టిక్ క్లిప్పు అలాగే ఉంది.

అప్పుడూ ఏడుపు రాలేదు. "ఏమ్మే, రాయా నువ్వు?" అని చుట్టాలు నన్ను కుదిపారు. ఆడవాళ్ళం పూడ్చేచోటికి వెళ్ళం. అత్త ఆ ఖాళీ పెట్టె నా భర్త చేతికిచ్చి, "వాడి పక్కనే పెట్రా" అంది. తిరిగొచ్చి స్నానం చేశాక ఆయన్ని అడిగాను, పెట్టావా అని. పెట్టానన్నట్టు తలూపాడు.

వారం తర్వాత కుట్లు చూపించుకోవడానికి ఆయన నడిపే లోడు వ్యాన్‌లోనే బయల్దేరాం. చెమట తుడుచుకోవడానికి గుడ్డ కోసం ముందున్న అర తెరిచాను. బండి కాగితాల కింద ఆ పెట్టె ఉంది. నలిగి చదునైపోయింది.

"పెట్టినానని అంటివే?"

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "దాంట్లో వాడి తారీకు ఉండాదే. అది కూడా పూడ్చేస్తే వాడు పుట్టినాడని మనకేముంటాది?"

వేళ్ళతో గోడలు ఒక్కొక్కటే నిలబెట్టాను. మూడు నిలబడ్డాయి. నాలుగోది పడిపోయింది. మళ్ళీ లేపాను, మళ్ళీ పడింది. లోపల వాడి తేదీ ఎర్రగా అలాగే ఉంది. ఆయన బండి పక్కకి ఆపాడు. మేట్టుపాళయం రోడ్డు మీద, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నా బిడ్డ కోసం గొంతెత్తి ఏడ్చాను.