సిద్దికా విసిరేసిన నారుమడి

మా ఊళ్లో మిరపనారు పెంచడంలో సిద్దికా దిట్ట. ఆమె తోటికోడలు నజ్మీన్ అంతకన్నా దిట్ట. ఈ రెండో మాటతోనే సిద్దికా బతుకంతా పోరాటం.

ప్రత్తిపాడు దగ్గరి మా ఊరికి ఆమె కోడలిగా వచ్చేనాటికి ఆ ఇంట నారు పోసే అలవాటే లేదు. మిరపకోతలకు కూలికి వెళుతూ, మంచి చెట్ల కాయలు అడిగి తెచ్చి, పెరట్లో తొలి మడి పోసింది ఆమే. తరువాత మరిది భార్యగా వచ్చిన నజ్మీన్ ఆమె దగ్గరే పని నేర్చి, కంచెకు అవతల సొంత మడి పోసుకుంది. రైతులు అటు మళ్లారు. నజ్మీన్ మడి పచ్చబడిన రోజున తన కూరలో ఉప్పు ఎక్కువయ్యేదని సిద్దికా భర్త గౌస్ బాషాయే చెప్పేవాడు.

నిరుడు తొలకరికి బాపయ్య అనే రైతు నాటు మిరపనారు కావాలని వచ్చాడు. ఎవరి నారు బాగుంటే వారిదే తీసుకుంటానన్నాడు. నజ్మీన్ చలికాలంలో ఎండబెట్టి, బూడిద కలిపి కుండలో దాచిన గింజ పోసింది. సిద్దికా దగ్గరా అలాంటి కుండే ఉంది. కాని అదే గింజతో నజ్మీన్‌ను మించేదెలా? పెరటి చెట్లకు అప్పుడే పండిన కాయలు కోసి, గింజ తీసి, ఆ సాయంత్రమే చల్లింది.

"వాళ్లది కుండలో మగ్గిన గింజండీ బాపయ్యగారూ! మాది పొద్దున చెట్టు మీదుంది. చూద్దురుగాని!"

నేను వారించాను. కాయలో గింజ తయారవుతున్నప్పుడే, తొందరపడి మొలకెత్తకుండా ఆపే రసాయనం దానిలో చేరుతుంది. కాయ పండినంత మాత్రాన ఆ కట్టు పూర్తిగా వీడదు. కొన్ని వారాలు గడిస్తేగాని చాలా గింజలు ఆ నిద్రావస్థ నుంచి బయటపడవు.

"గింజకు నిద్రేంటి మాస్టారూ! నిద్రపోయేది మా ఆయన!" అంది.

దిష్టిని నమ్మే ఊరు విత్తనపు నిద్రను నమ్మదు! వ్యవసాయ శాఖ పంచిన ప్రతి కరపత్రమూ నా బీరువాలో భద్రంగా ఉంది. ఊరివారు తమకిచ్చిన వాటిలో పకోడీలు కట్టుకున్నారు.

నజ్మీన్ మడి మొలిచింది. సిద్దికా మడి బోసిగా మిగిలింది. ఆమె కంచె దగ్గర నిలబడి అరిచింది.

"ఒసేయ్, నా మడి మీద కన్నేశావు కదే?"

"కన్నెయ్యడానికి ఏముందక్కా అందులో? మట్టే కదా!"

ఆ మాట ఆమెను కాల్చింది. పార తెచ్చి మడి పైమట్టంతా చెక్కి, గంపలకెత్తి కంచె మీదుగా నజ్మీన్ పెంటదిబ్బ మీదికి విసిరేసింది. "ఇదీ నువ్వే ఉంచుకో! అన్నీ నీకే కదా!"

వానలు వెనకపట్టు పట్టాయి. పొలం పదునెక్కి బాపయ్య నారుకు వచ్చేసరికి నజ్మీన్ నారు ముదిరి, కాడలు సాగి వాలిపోతోంది. పెంటదిబ్బ మీద మాత్రం పొట్టిగా, బలంగా, నాటడానికి సరిగ్గా సరిపోయే మిరపనారు ఒత్తుగా నిలబడి ఉంది. దిబ్బలోని తడీ వెచ్చదనమూ, గడిచిన కాలమూ కలిసి గింజల నిద్ర విప్పాయి. కరపత్రంలో ఉన్నది ఇదే. నన్నెవరూ అడగలేదు.

"ఈ నారెవరిదమ్మా?" అన్నాడు బాపయ్య.

నజ్మీన్ ముఖం మాడ్చుకుని, "మా అక్కదేనండీ. పెంట మాత్రం మాది," అంది.

బాపయ్య ఆ నారే పీకించుకున్నాడు. ఊరంతటి ఎదుటా సిద్దికా నారే నెగ్గింది. ఆమె సంతోషిస్తుందేమోనని నేను కంచె దగ్గరికి వెళ్లాను. ఖాళీ అయిన దిబ్బనే తేరిపార చూస్తోంది.

"గింజ నాదే లెండి మాస్టారూ. కాని ఆ పెంట బలం చూశారా? దాని గేదె పేడ కూడా మంచిదే!"

ఆ సాయంత్రమే గౌస్ బాషా దిగులుగా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. నజ్మీన్ గేదెకన్నా పెద్ద గేదె కొనే దాకా ఇంట్లో పొయ్యి వెలగదట.